యుగాంతం అంటున్నారు, ఎక్కడ తలదాచుకోవాలి? ఫార్వర్డ్ మెసేజ్ నుంచి మర్నాటి పాలప్యాకెట్ దాకా

ఫ్యామిలీ గ్రూపుల్లో ఏడాదికి రెండుసార్లయినా యుగాంతం వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ ప్రశ్నలు మాత్రం అవే. నిజమేనా? ఎక్కడికి పోతే మంచిది? ఏం సర్దుకోవాలి? ఆఫీసుకు సెలవు పెట్టాలా? విడివిడిగా జవాబులు చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట, చేయాల్సిన వరసలో పెడుతున్నాను.

మొత్తం ఒకే లెక్క మీద నడుస్తుంది: ఇప్పటిదాకా తేదీ వేసి ప్రకటించిన ప్రతి యుగాంతానికీ మర్నాడు వచ్చింది. కాబట్టి మన ఏర్పాట్లన్నీ ఆ మర్నాటి కోసమే. ఈ లెక్క తప్పితే నన్ను నిలదీయడానికి ఎలాగూ ఎవరూ మిగలరు.

## 1. తేదీ, టైము, ఎవరి గడియారం

తేదీ చెప్పని యుగాంతాన్ని పక్కన పెట్టేయండి. "అతి త్వరలో" అంటే ఎన్ని కిలోల బియ్యం తెచ్చుకోవాలో ఎవరూ చెప్పలేరు.

తేదీ ఉంటే టైము అడగండి. టైము ఉంటే అది ఏ దేశపు టైమో అడగండి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 2012 డిసెంబరు 21న మాయన్ క్యాలెండర్‌తో పాటే లోకం కూడా ముగిసిపోతుందన్నప్పుడు, మనవాళ్లు కొందరు అర్ధరాత్రి దాకా మేలుకున్నారు. ప్రచారంలో ఉన్న ముహూర్తమేమో సూర్యుడు ఉత్తరానికి మళ్లే క్షణం. మన గడియారంలో అది సాయంత్రం 4.41. అంటే టీ తాగేసరికే గండం గడిచిపోయింది, తర్వాత చేసిన జాగారమంతా దండగ.

2011 మే 21న లోకం ముగుస్తుందన్న అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ ఇంకో మెలిక పెట్టాడు. భూకంపం ఒక్కో చోట అక్కడి సాయంత్రం ఆరింటికి మొదలవుతుందన్నాడు. ఇలాంటివి మనకు చాలా సుఖం. మే నెలలో న్యూజిలాండ్‌లో సాయంత్రం ఆరయితే మనకు ఉదయం పదకొండున్నర. ఆక్లాండ్‌లో మేనమామ కొడుకో, పక్కింటివాళ్ల అమ్మాయో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. పన్నెండింటికి ఫోన్ చేయండి. ఎత్తితే భోజనానికి కూర్చోండి.

ముందున్న పెద్ద తేదీ ఒకటి ఇప్పుడే రాసిపెట్టుకోండి: 2029 ఏప్రిల్ 13. అపోఫిస్ అనే గ్రహశకలం ఆ రోజు భూమికి దాదాపు 32,000 కిలోమీటర్ల దూరం నుంచి పోతుంది. మన ఇళ్లకు డీటీహెచ్ సిగ్నల్ పంపే ఉపగ్రహాలకన్నా దగ్గర. ఆ రోజు శుక్రవారం, పైగా అమావాస్య. పుకారు పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? అది బాగా దగ్గరికొచ్చేసరికి మనకు 14వ తేదీ తెల్లవారుజామున మూడుంపావు అవుతుంది. భూమిని ఢీకొనదని, కనీసం వందేళ్ల దాకా ఆ ప్రమాదమే లేదని 2021లోనే తేలిపోయింది. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి కాబట్టి సెలవు పెట్టే పని కూడా లేదు.

మెసేజ్ పంపినవాళ్లను అడగాల్సినవి:

- ఏ తేదీ, ఏ టైము, ఏ దేశపు టైము?
- ఏం జరిగి ముగుస్తుంది? నీళ్లా, నిప్పా, పైనుంచి పడే రాయా?
- ఇది మొదటి తేదీయా, వాయిదా పడ్డ తేదీయా? (నిబిరు అనే ఊహాగ్రహం మొదట 2003 మేలో గుద్దుకోవాలి. తర్వాత 2012కి మార్చారు. క్యాంపింగ్ కూడా మే 21 దాటగానే అక్టోబరు 21 అన్నాడు.)
- చెప్పినాయన అదే ఏడాది ఇల్లు కొన్నాడా?

## 2. ఏ రకం ప్రళయమో తేల్చుకోండి

రకం తేలితేనే చోటు తేలుతుంది. వరదకు గుహలోకి, భూకంపానికి మేడ మీదికి పోతే మన చావు మనం కొనితెచ్చుకున్నట్టే.

పైనుంచి పడేవి. నిజమైన గ్రహశకలానికి ఓ నంబరో, అధికారిక పేరో ఉంటుంది. నాసా, యూరప్ అంతరిక్ష సంస్థ రెండూ ఇలాంటివాటి జాబితా అందరూ చూసేలా పెడతాయి. అందులో లేకపోతే నిద్రపోండి. ఉంటే శాతం చూసి గుండె బాదుకోకండి. 2024 వైఆర్4 అనే రాయి 2032 డిసెంబరులో భూమిని ఢీకొనే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా పెరిగి, కొన్ని రోజుల్లోనే దాదాపు సున్నాకు పడిపోయింది. ఇందులో మాయేమీ లేదు. మొదట్లో దాని దారి సరిగ్గా తెలియదు కాబట్టి అది వెళ్లగలిగిన మేర చాలా వెడల్పుగా ఉంటుంది. కొత్త లెక్కలు వచ్చేకొద్దీ ఆ మేర సన్నబడుతుంది. భూమి ఇంకా అందులోనే ఉన్నంతకాలం శాతం పెరుగుతుంది, బయటపడగానే ఢామ్మని పడిపోతుంది. శాతం పెరిగిన రోజు బ్రేకింగ్ న్యూస్ వస్తుంది, పడిపోయిన రోజు రాదు.

గ్రహాలన్నీ ఒకచోట చేరడం. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి అని దేశమంతా యజ్ఞాలు చేశారు. ఏమీ కాలేదు. గ్రహాలు వరసలో నిలబడినా మన మీద వాటి లాగుడు లెక్కలోకి రాదు. సముద్రాన్ని పొంగించే చంద్రుడు రోజూ పైనే ఉన్నాడు, ఆయనకు అలవాటు పడిపోయాం.

కాలజ్ఞానం. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇక్కడ వెటకారం చేయకండి, పని చెడుతుంది. యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని, కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకను అందుకుంటుందని బ్రహ్మంగారి మాటగా చిన్నప్పటి నుంచి విన్నవాళ్లే అందరూ. వాళ్ల దారిలోనే వెళ్లి జవాబివ్వండి. కలియుగం 4,32,000 ఏళ్లు. గడిచింది అయిదు వేల నూట చిల్లర. పంతులుగారు ప్రతి సంకల్పంలోనూ "కలియుగే ప్రథమపాదే" అనే చదువుతున్నారు. ఇంకా మొదటి పాదంలోనే ఉన్నామని మనింట్లోనే, మన దక్షిణ తీసుకుని చెబుతుంటే వాట్సాప్ మాట ఎందుకు వినాలి? నేను చూసినంతలో నాసా వీడియోకు తగ్గని టెన్షన్ దీనికి తగ్గుతుంది.

యంత్రాలు, కంప్యూటర్లు. 2000 జనవరి 1కి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం, వాటిని ముందే సరిచేసే పనికని హైదరాబాద్ కుర్రాళ్లకు బోలెడన్ని అమెరికా వీసాలు తెచ్చిపెట్టింది. ఈ రకం ప్రళయం వస్తానంటే రెజ్యూమే అప్‌డేట్ చేసుకోండి.

## 3. చోటు ఎంచుకోవడం

మొదటి సూత్రం: పేరు బయటికొచ్చిన చోటు పనికిరాదు.

2012లో ఫ్రాన్స్ దక్షిణాన బ్యూగరాష్ అనే ఊరికి ఈ యోగం పట్టింది. జనాభా ఇంచుమించు రెండొందలు, పక్కనే 1,230 మీటర్ల కొండ. ఆ కొండలోంచి గ్రహాంతరవాసులు వచ్చి నమ్మినవాళ్లను ఎక్కించుకుపోతారని ప్రచారం. చివరికి అధికారులు కొండ ఎక్కడాన్నే నిషేధించారు. ఊళ్లో భక్తుల కన్నా కెమెరాలు పట్టుకున్న విలేకరులే ఎక్కువ కనిపించారు. టర్కీలో షిరింజె అనే ఊరిదీ అదే కథ. అందరూ క్షేమమనుకున్న చోట ముందుగా దొరకనివి గది, బాత్రూమ్, పార్కింగ్.

రెండో సూత్రం: ఏ చోటునైనా ఈ నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి.

- తాగే నీళ్లు కరెంటు లేకుండా వస్తాయా?
- రెండు రోజులు తిండి పెట్టే మనుషులున్నారా?
- మందుల షాపు ఎంత దూరం?
- ఏమీ జరక్కపోతే సోమవారం పొద్దున ఆఫీసు టైముకు తిరిగి రాగలమా?

ఇప్పుడు అందరూ అడిగే చోట్లను ఒక్కొక్కటే చూద్దాం.

గుహలు. బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవు, వినడానికి భద్రంగా ఉంటుంది. లోపల ఉక్కపోత, లైట్లు వెలిగేది కరెంటుతోనే, సాయంత్రం కాగానే బయటికి పంపేస్తారు. పైగా అవి నీళ్లు తొలిచిన దారులు. వర్షాల ప్రళయమైతే అటు చూడకండి.

కొండలు. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు. సముద్రం అంత దూరం రావడానికి తీరిక ఉండదు. కానీ యుగాంతం డిసెంబరులో పడితే అరకు, లంబసింగి వైపు ఆశలు వదులుకోండి. మంచు చూడ్డానికొచ్చేవాళ్లు అంతకుముందే గదులన్నీ బుక్ చేసేసి ఉంటారు. ఘాట్ రోడ్డులో ఒక్క లారీ ఆగిపోయిందంటే కొండకీ ఊరికీ మధ్య కార్లోనే ప్రళయం చూడాల్సి వస్తుంది.

తిరుమల. నిజం చెప్పాలంటే పరీక్షలో బాగానే నెగ్గుతుంది. అన్నప్రసాదం ఉంది, నీళ్లున్నాయి, ఆసుపత్రి ఉంది, లక్షల మందిని నడిపించే అలవాటున్న వ్యవస్థ ఉంది. చిక్కల్లా గది దొరకడం, దొరికినా ఒక్క రోజుకే ఇవ్వడం. ముహూర్తం వాయిదా పడితే మళ్లీ క్యూలో నిలబడాలి.

బంకర్లు. స్విట్జర్లాండ్‌లో ప్రతి నివాసికీ ఒక చోటు ఉండేలా భూమి కింద షెల్టర్లు కట్టుకున్నారు. మామూలు రోజుల్లో చాలామంది వాటిని పాత సామాన్ల గదిగా వాడుకుంటారు. అమెరికాలో కాన్సాస్‌లో పాత క్షిపణి గోతిని ఫ్లాట్లుగా మార్చి అమ్మారు, ధర మన లెక్కలో కోట్లలోనే. డాలస్‌లో ఉన్న మనవాళ్ల ఇళ్లకు సెల్లార్ కూడా ఉండదు కాబట్టి వాళ్ల మీద ఆశ పెట్టుకోకండి.

తుఫాను షెల్టర్. కోస్తాలో ఉంటే మీ ఊరి షెల్టర్ ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుంటుందో తెలుసుకోండి. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంట ఇలాంటివి చాలా కట్టారు. స్తంభాల మీద ఎత్తుగా లేపిన కట్టడం అది. ఈ జాబితాలో మన దగ్గర నిజంగా వచ్చిన విపత్తు చూసి కట్టింది ఇదొక్కటే, ఎవరూ అడగనిదీ ఇదొక్కటే.

మేడ మీది వాటా. నా ఓటు దీనికే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. ముక్కుపుడక మాట చాలామందికి గుర్తొచ్చింది. అమ్మవారి కొండ అలాగే ఉంది. విజయవాడలో సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం ఏ జోస్యంలోనూ లేని బుడమేరు వాగు. అప్పుడు నిజంగా కాపాడింది పై అంతస్తు. అక్కడికి చేరినవాళ్లకు కూడా కరెంటు లేదు, తాగే నీళ్లు లేవు, తిండి డ్రోన్లతో దించాల్సి వచ్చింది. అందుకని కింది వాటాలో ఉంటే పైవాళ్లతో మాటలుంచుకోండి. మోటారు బిల్లు గొడవ ఏమైనా ఉంటే ఈ వారమే తేల్చేసుకోండి.

సొంతూరు. బావి, పొయ్యి, మనుషులు, మూడూ ఉంటాయి. దారి ఒక్కటే చిక్కు. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపైతే పంతంగి టోల్ దగ్గర సంక్రాంతికి కార్లు ఎలా నిలిచిపోతాయో తెలిసిందే. ముహూర్తానికి రెండు రోజుల ముందు, తెల్లారకముందే దాటేయండి. ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి.

## 4. చుట్టాలకు ఫోన్ చేసే పద్ధతి

వారం ముందే చేయండి. కారణం దాచకండి, ఎన్ని రోజులో కూడా చెప్పేయండి.

"బాబాయ్, పదమూడో తారీకు యుగాంతం అంటున్నారు. రెండ్రోజులు మీ దగ్గర ఉండి పోదామని."

"రండిరా, దానికి అడగాలా? వచ్చేటప్పుడు పిన్నికి షుగర్ మాత్రలు తే, ఇక్కడ ఆ కంపెనీవి దొరకట్లా."

ఇంత సాఫీగా అయిపోతుంది. అయితే మీరు తీసుకెళ్లేవి ముహూర్తం తర్వాత వెనక్కి తెచ్చుకునేలా ఉండకూడదు. "ఏమీ కాలేదుగా" అని మిగిలిన నూనె ప్యాకెట్లు కార్లో పెట్టుకున్నారంటే మళ్లీ ఏ యుగాంతానికీ ఆ గుమ్మం తొక్కలేరు.

## 5. ఏం సర్దుకోవాలి

మూడు రోజులకు చాలు. అంతకు మించి కొంటే మీరే పుకారుకు కాళ్లిచ్చినట్టు. 2016 నవంబరులో ఉప్పు అయిపోతోందన్న మాటకు హైదరాబాద్‌లో కూడా జనం కిరాణా షాపుల మీద పడ్డారు. ఉప్పు అయిపోలేదు. ఎక్కువ రేటుకు కొన్నవాళ్ల డబ్బులే పోయాయి.

- తాగే నీళ్లు: మనిషికి రోజుకు మూడు లీటర్లు. వాడకానికి బిందెలు, డ్రమ్ము మూతలతో సహా.
- వండక్కర్లేని తిండి: అటుకులు, మరమరాలు, బెల్లం, వేయించిన వేరుశనగ గుళ్లు, అరటిపళ్లు.
- రోజూ వేసుకునే మాత్రలు పది రోజులకు, చీటీతో సహా. ఓఆర్ఎస్ ప్యాకెట్లు.
- చిల్లర నోట్లు. టవర్ పోతే ఫోన్‌పే, గూగుల్ పే రెండూ పోతాయి.
- టార్చి, బ్యాటరీలు, పవర్‌బ్యాంక్, చిన్న రేడియో.
- ఆధార్, పాస్‌బుక్కు, ఇంటి కాగితాల జెరాక్సులు ప్లాస్టిక్ కవర్లో. అసలువి కదపకండి.
- ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద. భార్యాభర్తల్లో ఎవరికీ రెండోవాళ్ల నంబరు నోటికి రాదు, అడిగి చూడండి.

ఆవకాయ గురించి వేరుగా చెప్పాలి. ఫ్రిజ్ లేకుండా నిలిచే కూర అదొక్కటే. పెద్ద జాడీ మోసుకెళ్లకండి. చిన్న గాజు సీసాను కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, తడిలేని గరిటెతో తీసి నింపండి. ముక్కల పైన వేలి మందాన నూనె తేలాలి. తేలకపోతే కాచి చల్లార్చిన నూనె పోయండి. ముక్క నూనె పైకి తేలితే అక్కడే బూజు పడుతుంది. ఏప్రిల్‌లో వచ్చే యుగాంతాలకు కొత్తావకాయ అందదు, పాతదాంట్లోనే కొంచెం మిగుల్చుకోండి.

## 6. పొరపాట్లు, వాటి సవరణ

ఉన్నదంతా తినేయడం. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని తెలుగు పల్లెల్లో ఎలాగూ పోతాం కదా అని మేకల్ని, కోళ్లని కోసుకుతిన్నారు. జులై 11 రాత్రి మన టైము పది దాటాక ఆ ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. అక్కడి ఎస్పెరెన్స్ ఊరివాళ్లు చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. మన మేకల బిల్లు మాత్రం ఎవరూ పంపలేదు. *సవరణ:* విందు చేసుకోండి, ఒక్క కోడితో ఆపండి.

ఉన్నదంతా ఖర్చు పెట్టేయడం. క్యాంపింగ్ మాట నమ్మి న్యూయార్క్‌లో రిటైరైన ఒకాయన 1,40,000 డాలర్ల పొదుపు సొమ్మును యుగాంతం ప్రకటనలకు పోశాడు. *సవరణ:* ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టకండి, పొలం బేరం పెట్టకండి. ఈఎంఐ ఎలాగూ ఐదో తారీకున కట్ అవుతుంది.

మనసులో మాట చెప్పేయడం. మేనేజర్‌కు, వియ్యపురాలికి, ఇంటి ఓనర్‌కు ఆఖరి మెసేజ్‌లు పెట్టాలనిపిస్తుంది. *సవరణ:* టైప్ చేసి డ్రాఫ్ట్‌లోనే ఉంచండి. పాత అప్పు మాఫీ చేస్తున్నానని కూడా అనకండి, సాక్షులుంటారు.

పిల్లల ముందు వాదించుకోవడం. ఇది మాత్రం నవ్వులాట కాదు. పెద్దలు సరదాకు అన్నమాట పిల్లలు రాత్రంతా మోస్తారు. *సవరణ:* టీవీ కట్టేసి, ఇంతకుముందు తప్పిపోయిన తేదీలన్నీ కథగా చెప్పండి. తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన కాలం కూడా కలపండి, పడీపడీ నవ్వుతారు. అయినా భయపడితే పక్కన పడుకోబెట్టుకోండి.

## 7. ఆ రోజు చేయాల్సిన వరస

1. పొద్దున్నే ఫోన్లు, ఇన్వర్టర్ ఫుల్ ఛార్జ్ పెట్టండి. కుళాయి వచ్చినప్పుడే బిందెలు నింపండి.
2. ముహూర్తం మన టైముకు మార్చి గోడ మీద రాయండి. ఇంటికి ఒక్కటే గడియారం, ఒక్కటే లెక్క.
3. మధ్యాహ్నానికి ఆక్లాండ్‌కు ఫోన్. వాళ్ల ఊళ్లో వాన పడుతోందా అని కూడా అడగండి, మర్యాదగా ఉంటుంది.
4. రాత్రి వంట తొందరగా కానిచ్చి గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి.
5. టార్చి తలగడ పక్కన, చెప్పులు మంచం పక్కన.
6. ఫ్యామిలీ గ్రూపును మ్యూట్ చేసి పడుకోండి. అలారం మామూలు టైముకే.

## 8. మర్నాడు

పాలప్యాకెట్ వచ్చిందో లేదో చూడండి. వస్తే మిగతావన్నీ వచ్చినట్టే.

- ఫార్వర్డ్ చేసినాయన్ని గ్రూపులో ఏడిపించకండి. విడిగా ఫోన్ చేసి "అన్నయ్యా, వాయిదా ఎప్పటికి?" అని అడగండి. రెండో తేదీ ముందుగా మీకే తెలుస్తుంది.
- సెలవు పెట్టి ఉంటే కారణంగా "కడుపునొప్పి" అని రాయండి.
- అటుకులు పిల్లల టిఫిన్‌కు, వేరుశనగ గుళ్లు చట్నీకి. వారంలోపు ఖాళీ చేయండి.
- టార్చి, ఓఆర్ఎస్, నంబర్ల కాగితం ఆ సంచిలోనే ఉంచండి. అక్టోబరు, నవంబరు తుఫాన్లకు పనికొస్తాయి.
- డ్రమ్ముల్లో, బిందెల్లో పట్టిన నీళ్లు మొక్కలకు పోసి, బోర్లించి ఆరబెట్టండి. యుగాంతం తప్పించుకుని వారం తిరక్కుండా డెంగీతో ఆసుపత్రిలో పడితే చూడ్డానికొచ్చిన చుట్టాల ముందు సమాధానం చెప్పుకోలేం.